నల్లగుర్రం

లోకం అంతమైపోతుందని మా పల్లెలో చాలాసార్లు చెప్పారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనొచ్చి శవాలు గుట్టలు పడ్డాయని కబురొచ్చినప్పుడు చెప్పారు. అప్పటికి మా నాయనకు పదేళ్ళు. 1979లో స్కైలాబ్ పడుతుందన్నప్పుడు మళ్ళీ చెప్పారు. ఊళ్ళోవాళ్ళు మేకల్నీ కోళ్ళనీ కోసుకు తిన్నారంట. మా పల్లెలో కోసుకోడానికి ఉన్నవే రెండో మూడో, అవీ తినేశారు. ఆ జూలైలో స్కైలాబ్ ముక్కలు పోయి ఆస్ట్రేలియాలో పడ్డాయి. మావాళ్ళు మర్నాడు పొద్దున్నే కూలికి పోయారు. 1999 డిసెంబరులో, 2012లో, కరోనాప్పుడు, ఇట్లా ప్రతిసారీ చెప్పారు. చెప్పినవాళ్ళెవరూ తర్వాత వచ్చి తప్పు చెప్పామని అనలేదు. ఇంకో తేదీ పట్టుకొచ్చారు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషిని. నా చదువుకు మొదటి శ్రోత మా నాయనమ్మ. ఆమెకు అక్షరం రాదు. నాకు రెండో తరగతిలో కూడబలుక్కుని చదవడం వచ్చినప్పట్నించీ రోజూ రాత్రి బుడ్డి దీపం ముందు కూర్చోబెట్టి బైబిలు చదివించుకునేది. సువార్తలకంటే ఆమెకు దానియేలు, ప్రకటన గ్రంథం ఇష్టం. మృగాలు, గుర్రాలు, బూరలు, సముద్రం నెత్తురవడం. నేను భయపడి ఆగితే "ఏందమ్మే ఆగినావు, సదువు" అనేది.

ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. యూనివర్సిటీలో చేరాక మా స్టడీ సర్కిల్లో ఒక అన్న నా గదిలో బైబిలు చూసి నవ్వాడు. "అంబేద్కర్ 1956లోనే నాగపూర్లో దారి చూపించి పోయాడు గదా, నువ్వింకా ఈ రాకడ పుస్తకం మొయ్యడమేందమ్మా?" అన్నాడు. ఆయనంటే నాకు గౌరవం. కానీ మా పల్లెకు బడికంటే ముందొచ్చిన పుస్తకం అది. దాన్ని మా చేతిలో పెట్టినవాళ్ళు ఎట్లా చదవమన్నారు, మావాళ్ళు ఎట్లా చదువుకున్నారు అనేవి రెండు వేరు సంగతులు. ఆ తేడా ఆ రోజు నేను చెప్పలేకపోయాను. (పోతే, రేపో ఎల్లుండో విప్లవం వస్తుందని పాతికేళ్ళు తేదీలు జరుపుకుంటూ వచ్చినవాళ్ళకు మా రాకడ చూసి నవ్వే హక్కు ఎంతుందో వాళ్ళే చెప్పాలి.)

ఏటా పంట చేతికొచ్చాక మా చర్చి ముందు ఉజ్జీవ సభలు జరిగేవి. కాన్వాసు గుడ్డ మీద రంగులు వేసిన పెద్ద పటం కట్టేవాళ్ళు. అందులో నెబుకద్నెజరు రాజు కలలో కనపడిన విగ్రహం. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్ళు, సగం ఇనుమూ సగం మట్టీ కలిసిన పాదాలు. బోధకుడు బెత్తంతో తల మీద కొట్టి బబులోను అనేవాడు, రొమ్ము పారసీకం, పొట్ట గ్రీకు, కాళ్ళు రోము. కాలి వేళ్ళు పది యూరపు దేశాలు. పది దేశాలూ కలిస్తే అంత్యక్రీస్తు వస్తాడు. యూరపు కూటమిలో 1981లో పది దేశాలయ్యాయి. 1986కల్లా పన్నెండయ్యాయి. ఇప్పుడు ఇరవైయేడు. పటంలో మాత్రం వేళ్ళు పదే ఉన్నాయి.

ఇంటర్లో ఉండగా పురుషసూక్తం గురించి మొదటిసారి చదివాను. ముఖం నుంచి బ్రాహ్మడు, చేతుల నుంచి క్షత్రియుడు, తొడల నుంచి వైశ్యుడు, పాదాల నుంచి శూద్రుడు. మేం ఆ పాదాల్లో కూడా లేం, పాదాలకు చెప్పులు కుట్టినవాళ్ళం. ఆ పేజీ చదవగానే నాకు మా సభల పటం గుర్తొచ్చింది. ఇదీ నిలువెత్తు మనిషే, పైనుంచి కిందికి విలువ తగ్గుతూ వచ్చే మనిషే. ఎవరి చెయ్యీ పడకుండా ఊడొచ్చిన రాయి ఎక్కడ తగిలిందని రాశారు? బంగారు తలకు కాదు, పాదాలకు. పాదాలు పోయేసరికి తల కూడా నిలబళ్ళేదు. కళ్ళంలో తూర్పారబట్టినప్పుడు పొట్టు గాలికి పోయినట్టు బంగారం కూడా పోయింది. ఈ సంగతి ఏ బోధకుడూ చెప్పగా నేను వినలేదు. బెత్తం ఎప్పుడూ రాజ్యాల పేర్ల మీదే తిరిగేది.

బైబిలు పండితుల్లో ఎక్కువమంది దానియేలు గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీస్తుకు పూర్వం 167 - 164 ప్రాంతంలో అంటారు. నాలుగో అంతియొకస్ అనే గ్రీకు రాజు యూదుల ఆరాధననే నేరం చేసిన కాలం. పేరు పెట్టి రాజును తిడితే తల పోతుంది. అందుకని పాత రాజుల పేర్లు, కలలు, కొమ్ములు, మృగాలు. ప్రకటన గ్రంథమూ అంతే. రోము ప్రభుత్వ కాలంలో పత్మాసు దీవిలో ఉన్న యోహాను ఏడు సంఘాలకు రాసిన ఉత్తరం అది. బబులోను అని రాశాడు, చదివేవాళ్ళు రోము అని చదువుకున్నారు. 666 కూడా అట్లాంటిదే. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువలున్నాయి, నీరో చక్రవర్తి పేరు ఆ లిపిలో రాసి కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 ఉంది, పేరు ఇంకో రకంగా రాస్తే ఆ లెక్కా సరిపోతుంది. దొర ముందు ఒక మాట, పల్లెలో ఒక మాట మాట్లాడి బతికిన జాతికి ఈ రాత అర్థం కావడం కష్టం కాదు. మా అమ్మావాళ్ళు మిరపకాయల కోతలో ఆసామిని "పెద్దపులి" అని, గుమాస్తాను "తోక" అని పిలుచుకునేవాళ్ళు. గట్టు మీద నిలబడ్డ ఆసామికి పాట వినపడేది, పులి ఎవరో తెలిసేది కాదు.

మరి యూరపు దేశాలు, చిప్పులు, ఏడేళ్ళ శ్రమకాలం, దానికి ముందే సంఘం మేఘాల్లోకి ఎత్తబడటం, ఇవన్నీ ఎక్కడివి? ఇదంతా రెండు వేల ఏళ్ళ నాటి బోధ అనుకుంటారు మావాళ్ళు. ఈ వరుస ఇట్లా పేర్చింది జాన్ నెల్సన్ డార్బీ, 1830ల్లో. ఇంగ్లండు, ఐర్లండుల్లో బ్రెదరన్ సంఘాల నాయకుడాయన. ఆ సంఘాలవాళ్ళే ఇద్దరు 1836లో మన గోదావరి డెల్టాకూ వచ్చారు, నర్సాపురంలో పని మొదలుపెట్టారు. దానియేలు తొమ్మిదో అధ్యాయంలో డెబ్బై వారాలుంటే, అరవైతొమ్మిది అయిపోయాయి, గడియారం అక్కడ ఆగింది, ఆఖరి వారం ఇంకా రావాలి అన్నాడు డార్బీ. 1909లో అమెరికావాడు స్కోఫీల్డు ఈ లెక్కంతా బైబిలు పేజీల కిందే నోట్సుగా అచ్చేయించాడు. పాఠ్యపుస్తకాన్నీ గైడునూ కలిపి ఒకే అట్టలో కుడితే ఏమవుతుందో ఏ టీచరుకైనా తెలుసు. పిల్లలు గైడే చదువుతారు, పాఠంలో ఉందని ప్రమాణం చేస్తారు. 1970లో హాల్ లిండ్సే పుస్తకం దాన్ని రష్యాకూ యూరపుకూ తగిలించింది, లక్షల ప్రతులు పోయింది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. లెక్క మాత్రం పోలేదు.

తేదీలు చెప్పినవాళ్ళ వరుస ఇంకా పెద్దది. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలులోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టాడు, అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 అని తేల్చారు. కొందరు పంట కొయ్యకుండా చేలల్లోనే వదిలేశారు. హెరాల్డ్ కాంపింగ్ రేడియోలో 2011 మే 21 అన్నాడు, కాకపోతే అక్టోబరు 21 అన్నాడు. మన దగ్గర మాత్రం తక్కువా? పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానంలో లేని సంఘటన ఉందా! జరిగిపోయాక ప్రతిదీ అందులో దొరుకుతుంది. ఆయన శిష్యుడు కక్కయ్య మాదిగ అనే సంగతి మాత్రం ఎవరికీ అంత తొందరగా దొరకదు.

ఇక మా ఇంటి సంగతి. మా తాతకు డెబ్బైల్లో ఎకరన్నర అసైన్డు పట్టా వచ్చింది. కాలవ కింద, సముద్రం వైపు. తాత పోయాక మా నాయనా చిన్నాన్నా నోటిమాటగా చెరిసగం చేసుకున్నారు. 1999లో ఆ సభల్లో బోధకుడు ఇంక నెలలే అన్నాడు. కంప్యూటర్లు ఆగిపోతాయి, బ్యాంకులు మూసేస్తారు, ముద్ర వస్తుంది. లోకంలో ఆస్తి కూడబెట్టుకోవడం అవిశ్వాసం అన్నాడు. చిన్నాన్న మెత్తని మనిషి. ముప్పాతిక ఎకరం ఊళ్ళో ఆసామికి తెల్ల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు, పన్నెండు వేలకు. అమ్మకమంటే చెల్లదని లీజు అని రాసుకున్నారు. ఆ డబ్బులో రెండు వేలు సభల ఖర్చుకు పోయింది. ఆ బోధకుడు ఆ ఏడే టౌన్లో ఇంటికి శ్లాబు వేయించుకున్నాడు. రాకడ అంత దగ్గరుంటే శ్లాబు ఎందుకయ్యా అని అడిగినవాళ్ళు లేరు. నాయనమ్మ ఒక్కతే ఎదురు తిరిగింది. ఆసామి మనుషులు అసలు పట్టా అడగడానికొస్తే ట్రంకుపెట్టె మీద కూర్చుంది. "రాకడొస్తే రానీయండయ్యా. ప్రభువొచ్చి అడిగితే ఆయనకే ఇస్తా" అంది.

2000 జనవరి ఒకటిన మాకు పెద్ద గుడారాల ఆరాధన, పులిహోర. రెండో తారీకున చిన్నాన్న పొగాకు బేరన్లో కూలికి పోయాడు. ఆ నేల తవ్వి రొయ్యల చెరువు చేశారు. ఉప్పునీళ్ళు ఊరి మా నాయన సగం కూడా పంటకు పనికిరాకుండా పోయింది.

బి.ఇడి. చదివేటప్పుడు యిర్మీయా గ్రంథం ముప్పైరెండో అధ్యాయం చదివాను. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో, కళ్ళకు ఆనలేదు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. ఊరు కూలిపోతుందని చెప్పినందుకే యిర్మీయాను చెరలో పెట్టారు. అప్పుడు ఆయన ఏం చేశాడు? చిన్నాన్న కొడుకు దగ్గర అనాతోతులో పొలం కొన్నాడు, పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి. సాక్షుల సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన దస్తావేజు ఒకటి, విప్పి చదువుకునే నకలు ఒకటి, రెండూ చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టించాడు. అంతం వస్తుందని అందరికంటే గట్టిగా చెప్పిన మనిషి! సెలవుల్లో ఇంటికి పోయి నాయనమ్మకు చదివి వినిపించాను. కుండ దగ్గర మూడుసార్లు ఆపి చదివించుకుంది. "సూశావా, ఆయన గూడా పట్టా దాసి పెట్టుకున్నాడు" అంది. చిన్నాన్న అరుగు మీద కూర్చుని విన్నాడు. ఏం మాట్లాడలేదు.

నల్లగుర్రం దగ్గర మా ఇద్దరికీ, బోధకుడికీ మొదటి తగాదా వచ్చింది. ప్రకటన ఆరో అధ్యాయంలో మూడో ముద్ర విప్పితే నల్లగుర్రం వస్తుంది, రౌతు చేతిలో త్రాసు. దేనారానికి ఒక సేరు గోధుమలని ధర పలుకుతుంది. దేనారం అంటే ఒక రోజు కూలి. సేరు అంటే ఒక మనిషికి ఒక రోజు తిండి. మరి పెళ్ళాం బిడ్డలో? వాళ్ళకు కావాలంటే యవలు తినాలి, అవి కూలికి మూడు సేర్లు. నూనె జోలికీ ద్రాక్షారసం జోలికీ పోవద్దని ఆ గొంతే చెబుతుంది. అవి పెద్ద తోటలవాళ్ళ పంటలు. ఇది ఎత్తబడ్డాక మిగిలిపోయినవాళ్ళకు వచ్చే కరువు, మనం అప్పుడుండం అని బోధకుడు చెప్పాడు. నాయనమ్మ ఇంటికొచ్చి నాతో అంది: "ఆకలుండే కాడ మనం లేకుండా ఎట్టా ఉంటామమ్మే?"

ఆమెకు ఆ గుర్రం తెలుసు. దాని పేరు ధాత కరువు. 1876 - 78. ఆమె తాత తండ్రి ఆ కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వడానికి పోయాడని వాళ్ళ ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను దొర క్లౌ కాలవలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకుని మావాళ్ళకు పని చూపించాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి కోసం మతం మారారని ఇప్పటికీ అంటారు. కూడు పెట్టినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి అనేవాళ్ళు చదవరు. అదట్లా ఉంచండి. నేను పిల్లలకు ఆ కరువు పాఠం చెప్పేటప్పుడు ఒక లెక్క బోర్డు మీద రాస్తాను. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగమనిషికి కూలి ఎంతని ఖాయం చేశాడు? రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అర కిలోకు కూడా తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ ఇది మనిషి బతికే తిండి కాదని పోట్లాడాడు. ఆ కరువులోనే ఈ దేశం గోధుమలు ఇంగ్లండుకు ఓడలెక్కుతూనే ఉన్నాయి. పత్మాసులో కూర్చున్న యోహానుకు టెంపుల్ దొర తెలియదు. కానీ కూలినీ గింజనీ త్రాసులో పెట్టి చూపించాడు. భవిష్యత్తు చెప్పాడని నేననను. వాళ్ళు ఎప్పుడూ చేసే పని చెప్పాడు.

ముద్ర సంగతి కూడా అట్లాంటిదే. కుడిచేతి మీదో నుదుటి మీదో ముద్ర లేనివాడు కొనకూడదు, అమ్మకూడదు అని పదమూడో అధ్యాయంలో ఉంది. నా చిన్నప్పుడు అది సబ్బు పెట్టె మీది బార్‌కోడు. తర్వాత ఆధార్. 2021లో వాక్సిన్. మా పల్లెలో సగంమంది వేయించుకోమన్నారు. నాయనమ్మ చీరచెంగు సర్దుకుని నడిచింది. "రాసింది కుడిచెయ్యి. వీళ్ళు పొడిచేది ఎడమ చేతికి. సరిగ్గా సదువుకోండి ముందు" అంది. ఆమె వెనక ఇరవైమంది కదిలారు. హెల్త్ డిపార్టుమెంటు కరపత్రాలకంటే ఆ వ్యాఖ్యానం బాగా పనిచేసింది.

కానీ కొనడం అమ్మడం లేకుండా చెయ్యడం మాకు కొత్త గనుకనా? 1991లో చుండూరులో ఎనిమిదిమందిని చంపకముందు వారాల తరబడి మాలపల్లెను వెలివేశారు. పని లేదు, అంగట్లో సరుకు లేదు. ఇప్పటికీ ఏ పల్లె ఎదురు తిరిగినా ముందు చేసేది అదే. ఆ ముద్ర ఎప్పుడో వస్తుందని మేఘాల వంక చూడమన్నవాళ్ళు కిరాణాకొట్టు వంక చూడమనలేదు.

ఇంకో ముద్ర ఉంది, రబ్బరు స్టాంపుది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైతే బి.సి. - సి, ఆ జాబితాకు ఒక్క శాతం. మాదిగ అని కొట్టేవాడు మతం అడగడు. కేసు పెట్టడానికి పోతే ముందు అడిగేది అదే. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు ఇదే కారణంతో చెల్లదంది. నా సర్టిఫికెట్లో ఏముందో ఇక్కడ రాయను. ఈ పుస్తకం చదివేవాళ్ళలో సగంమంది అడగరు కూడా.

నాకు మింగుడుపడని చోటు ఒకటుంది. అయిదో ముద్ర. చంపబడ్డవాళ్ళ ఆత్మలు బలిపీఠం కింద నుంచి ఇంకెన్నాళ్ళు తీర్పు తీర్చవని అరుస్తాయి. వాళ్ళకు తెల్లబట్టలిచ్చి, చావాల్సినవాళ్ళు ఇంకొందరున్నారు, ఆ లెక్క పూర్తయ్యేదాకా ఓర్చుకోమంటారు. చుండూరు కేసులో తీర్పు 2007లో వచ్చింది, పదహారేళ్ళకు. ఆ ఊళ్ళోనే కోర్టు పెట్టించుకుని సాధించుకున్న తీర్పు, 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. తెల్లబట్టలు తొడుక్కుని ఓర్చుకోండి అనే మాట ఏ సింహాసనం నుంచి వచ్చినా నేను ఒప్పుకోలేను. నాయనమ్మతో అదే అన్నాను. ఆమె చాలాసేపు ఊరుకుంది. "వాళ్ళు అరిసింది రాశారా లేదా? అదన్నా రాశారు గదా" అంది. నాకది చాలలేదు. ఇప్పటికీ చాలదు.

నాయనమ్మ 2023లో పోయింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం యాభై శాతం చేసినప్పుడు మా తీరంలో రొయ్య ధర పడిపోయింది. ఆ ఆదివారం చర్చిలో కొత్త బోధకుడు ప్రకటన పద్దెనిమిదో అధ్యాయం తీశాడు. బబులోను కూలుతుంది, సరుకు కొనేవాళ్ళు లేక వర్తకులు ఏడుస్తారు. చూశారా, నెరవేరింది అన్నాడు. నేను సరుకుల జాబితా చూస్తున్నాను. బంగారం, వెండి, ముత్యాలు, దాల్చినచెక్క, నూనె, గోధుమలు, పశువులు, రథాలు, అన్నిటికంటే చివర మనుషులు, బానిసలు. రాజులు ఏడ్చినట్టుంది. వర్తకులు ఏడ్చినట్టుంది. ఓడలవాళ్ళు నెత్తిన దుమ్ము పోసుకున్నట్టుంది. జాబితా చివర ఉన్నవాళ్ళు ఏడ్చినట్టు ఒక్క మాట లేదు. ఆ వారమే రొయ్యల తలలు తీసే షెడ్డులో మా పల్లె ఆడవాళ్ళను సగంమందిని మానిపించారు. ప్రార్థన అయ్యాక వాళ్ళతో కూర్చుని ఆ జాబితా మళ్ళీ చదివాను. అందులో ఒకామె, "మనం చివర్న ఉన్నాం, దాల్చినచెక్క తర్వాత" అని నవ్వింది.

ఆసామి ఆ చెరువు ఇప్పుడు ఎండబెట్టాడు. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి చేతులు మారిందే చెల్లదు, తిరిగి మాకు స్వాధీనం చెయ్యాలి. అర్జీ మూడేళ్ళుగా ఆఫీసులో ఉంది, లీజే గదా అని ఒకసారి, సర్వే నంబరు కలవలేదని ఒకసారి తిప్పి పంపారు. అసలు పట్టా నాయనమ్మ పెట్టెలోనే ఉంచాను, నాలుగు నకళ్ళు తీయించాను. వచ్చే సోమవారం గ్రీవెన్సుకు పోతున్నాం. ఈసారి చిన్నాన్న కూడా వస్తానన్నాడు.